సొంత ఎక్స్‌ఆర్‌డీ లేని కాలేజీలో ఫెర్రైట్ల మీద రీసెర్చ్: ఏ కొలత ఎక్కడ, ఎలా? (బెంగళూరు)

మఫిల్‌ఫర్నేస్ (యలహంక) అడిగారు:

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒక ప్రైవేట్ కాలేజీలో ఫిజిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్ని. ల్యాబులో ఉన్నవి ఇవీ: 1000 డిగ్రీల మఫిల్ ఫర్నేస్ (ప్రోగ్రామ్ చేసుకునే కంట్రోలర్ ఉంది), హాట్‌ప్లేట్ ఉన్న మాగ్నెటిక్ స్టిర్రర్, నాలుగు దశాంశాల తూకం, ఓవెన్, ఫ్యూమ్ హుడ్, చేత్తో తిప్పే పెల్లెట్ ప్రెస్. ఈ ఏడాదికి కాలేజీ ఇచ్చిన సీడ్ మనీ 60,000 రూపాయలు.

కోబాల్ట్ ఫెర్రైట్‌లో (ఇనుము, కోబాల్ట్ కలిసిన అయస్కాంత ఆక్సైడ్) కోబాల్ట్ బదులు జింక్ పెట్టుకుంటూ పోవాలని ప్లాన్ (0, 0.2, 0.4, 0.6, 0.8, 1.0, మొత్తం ఆరు శాంపిళ్లు). సిట్రిక్ యాసిడ్ సోల్-జెల్ పద్ధతి (లోహాల ద్రావణాన్ని జెల్‌గా మార్చి కాల్చడం). తర్వాత ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూడటం), ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), వీఎస్ఎం (అయస్కాంతత్వం కొలవడం). వీలైతే చివర్లో యాంటీబాక్టీరియల్ టెస్టు కూడా. ఇవన్నీ బయట చేయించుకోవాల్సిందే. ఎక్కడ పంపాలి, పంపేముందు ఏం చూసుకోవాలి, డబ్బు ఎక్కడ వృథా అవుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఇంకొకటి. మా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో మేడమ్ ఒకరు నంబర్ థియరీలో పనిచేస్తున్నారు. కాలేజీకి జర్నల్ సబ్‌స్క్రిప్షన్ లేదు. ఆవిడకేమైనా దారి చెప్పగలరా?

నీలం_స్పినెల్:

ముందు ప్లాన్ సంగతి. కోబాల్ట్-జింక్ ఫెర్రైట్ అరిగిపోయిన దారండీ. జింక్ టెట్రాహెడ్రల్ సైట్లలోకి (స్ఫటికంలో నాలుగు ఆక్సిజన్ల మధ్య ఉండే చోట్లు) వెళ్తుంది, మాగ్నెటైజేషన్ మొదట పెరిగి తర్వాత పడిపోతుంది. ఇది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి దశాబ్దాలైంది. ఆరు శాంపిళ్లు చేసి అదే గీత మళ్లీ గీస్తే రిఫరీ అడిగే మొదటి మాట "ఇందులో కొత్తేముంది?" అనే.

మీ దగ్గరున్న అసలు ఆస్తి ఆ ఫర్నేస్. పెద్ద సంస్థల్లో ఒక ఫర్నేస్‌ని మూడు రోజులు ఒక్కరే పట్టుకుని కూర్చుంటామంటే పక్కవాళ్లు ఊరుకోరు. మీరు కూర్చోవచ్చు. కోబాల్ట్ ఫెర్రైట్‌లో కోబాల్ట్ ఏ సైట్లో ఎంత ఉంటుందనేది చల్లార్చే వేగం మీద ఆధారపడుతుంది. దీన్ని 1968లోనే మోస్‌బవర్‌తో (గామా కిరణాలతో ఇనుము పరమాణువుల పరిసరాలు చూసే పద్ధతి) చూపించారు. కాబట్టి జింక్ పక్కన పెట్టి, ఒకే బ్యాచ్ పొడిని రెండు భాగాలు చేయండి. ఒకటి 900 డిగ్రీల నుంచి నేరుగా నీళ్లలో పడేసింది, రెండోది గంటకు 10 డిగ్రీల చొప్పున 300 దాకా దింపింది (60 గంటలు పడుతుంది, కరెంటు పోతే ఆ రన్ లెక్కలోకి రాదు, మళ్లీ మొదలు). మధ్యలో ఇంకో రెండు వేగాలు పెట్టుకోవచ్చు. సోల్-జెల్‌లో పుట్టిన చిన్న క్రిస్టలైట్లలో (విడి స్ఫటికపు ముక్కలు) ఈ మార్పు పెద్ద గింజల్లో జరిగినట్టే జరుగుతుందా అన్నది అడగదగ్గ ప్రశ్న. ఆరు జింక్ మోతాదులకంటే మూడు వేర్వేరు బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కి రెండు చల్లార్పులు పెట్టుకోవడం మేలు. అవీ ఆరు శాంపిళ్లే, కానీ ఈ ఆరూ ఒక ప్రశ్నకి జవాబు చెప్తాయి.

ఇక తయారీ. 5 గ్రాముల కోబాల్ట్ ఫెర్రైట్‌కి లెక్క: కోబాల్ట్ నైట్రేట్ (ఆరు నీళ్లది) 6.20 గ్రా., ఐరన్ నైట్రేట్ (తొమ్మిది నీళ్లది) 17.22 గ్రా., మొత్తం లోహాలకి 1:1 మోల్ చొప్పున సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్ 13.43 గ్రా.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఐరన్ నైట్రేట్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. సీసా తెరిచి ఆర్నెల్లయితే అందులో ఉన్నది లేబుల్ మీద ఉన్నది కాదు. మీరు 17.22 తూచినా లోపల ఇనుము తక్కువే పడుతుంది, కోబాల్ట్ మిగిలిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఖాళీ అల్యూమినా క్రూసిబుల్‌ని 700 డిగ్రీల్లో కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. అందులో 1.000 గ్రాము ఐరన్ నైట్రేట్ వేసి మూత పెట్టి, 150 దాకా చాలా నెమ్మదిగా తీసుకెళ్లండి. తొందరపడితే అది తన నీళ్లలోనే కరిగి ఉడికి చిందుతుంది, తూకం పోతుంది. తర్వాత 700 దగ్గర రెండు గంటలు. ఫర్నేస్ హుడ్ కింద లేకపోతే ఈ పని చేయొద్దు, గోధుమరంగు నైట్రోజన్ ఆక్సైడ్ పొగ వస్తుంది. మిగిలే ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ 0.198 గ్రా. ఉంటే సీసా బాగున్నట్టు. 0.185 వచ్చిందనుకోండి, 0.185ని 0.1976తో భాగిస్తే 0.936. అప్పుడు 17.22 బదులు 18.40 గ్రా. తూచాలి. ప్రతి బ్యాచ్ ముందూ చేయండి. కోబాల్ట్ నైట్రేట్‌కీ ఇదే పద్ధతి పనికొస్తుంది గానీ, గాలిలో కాల్చినప్పుడు మిగిలేది కోబాల్ట్ మోనాక్సైడా, నల్లటి స్పినెల్ ఆక్సైడా (Co3O4) అన్నది ఉష్ణోగ్రత బట్టి మారుతుంది కాబట్టి లెక్క జాగ్రత్త. 700 దగ్గర గాలిలో నల్లటిదే.

నైట్రేట్లు 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ముందు సిట్రిక్ యాసిడ్ వేసి, ఆ తర్వాతే అమోనియా చుక్కలు చుక్కలుగా వేస్తూ పీహెచ్ 7కి తేవాలి. వరస తిరగేస్తే గోధుమరంగు ఐరన్ హైడ్రాక్సైడ్ దిగిపోతుంది, ఇక అది సోల్-జెల్ కాదు. 80 డిగ్రీల్లో కలుపుతూ ఉంటే కొన్ని గంటల్లో తేనెలా చిక్కబడుతుంది. అప్పుడు స్టిర్రర్ గింజ తీసేయండి. జెల్‌ని నాలుగైదు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని లీటర్ బీకర్‌లో వేసి హుడ్ కింద మండించండి. మొత్తం ఒకేసారి పెడితే బూడిద బీకర్ దాటి హుడ్ అంతా ఎగురుతుంది. లోపల ఉన్నది నైట్రేటూ, ఇంధనమూ కలిసిన మిశ్రమం అన్న సంగతి మర్చిపోవద్దు. ముఖానికి షీల్డ్ తప్పనిసరి.

బూడిదని 600లో నాలుగు గంటలు (మిగిలిన కార్బన్ పోవడానికి), మళ్లీ నూరి, 13 మి.మీ. డైలో అర గ్రాము పెల్లెట్లు నొక్కి 900లో నాలుగు గంటలు. నీళ్లలో పడేసేది పెల్లెట్‌నే. వదులు పొడిని పడేస్తే ఆవిరితో పాటు సగం పైకి లేస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీకి వస్తే, అగేట్ కల్వంలో నూరి 325 మెష్ జల్లెడ దాటించండి, శాంపిల్‌కి అర గ్రాము నుంచి గ్రాము పంపండి. ఫేజ్ (కావాల్సిన స్ఫటిక పదార్థం) ఉందా లేదా చూడ్డానికి 10 నుంచి 80 డిగ్రీలు, 0.02 స్టెప్, పావుగంట స్కాన్ చాలు. రీట్‌వెల్డ్ (మొత్తం స్కాన్‌కి స్ఫటిక నమూనాని సరిపెట్టే లెక్క) చేయాలంటే అది చాలదు. పెద్ద శిఖరం దగ్గర పదివేల కౌంట్లు, శిఖరం సగం ఎత్తు దగ్గరి వెడల్పులో కనీసం అయిదారు పాయింట్లు ఉండాలి. అంటే కొన్ని గంటల స్కాన్, రేటూ ఆ లెక్కనే ఉంటుంది. కాబట్టి ముందు ఆరింటికీ పొట్టి స్కాన్, ఫేజ్ శుభ్రంగా వచ్చినవాటికే పొడుగు స్కాన్.

పొట్టి స్కాన్‌లో చూడాల్సింది రెండే చోట్లు. ఫెర్రైట్ పెద్ద శిఖరం 35.4 దగ్గర ఉంటుంది. 33.2 దగ్గర చిన్న బొడిపె కనిపిస్తే ఇనుము ఎక్కువైంది, అది హెమటైట్ (విడిగా మిగిలిన ఐరన్ ఆక్సైడ్). 36.8 దగ్గర, ఫెర్రైట్ సొంత చిన్న శిఖరం 37.1కి ఎడమ పక్కన, బొడిపె కనిపిస్తే కోబాల్ట్ ఎక్కువైంది, పైన చెప్పిన సీసా సమస్య.

షెరర్ సూత్రంతో (శిఖరం వెడల్పు నుంచి క్రిస్టలైట్ సైజు లెక్కేసేది) నానోమీటర్లు చెప్పేవాళ్లు పరికరం తన వంతుగా కలిపే వెడల్పుని వదిలేస్తారు. చిన్న లెక్క చూడండి. 35.4 శిఖరం వెడల్పు 0.16 డిగ్రీలు. లాంథనమ్ హెక్సాబొరైడ్ స్టాండర్డ్‌తో కొలిచిన పరికరం వెడల్పు 0.10. ఏమీ తీసేయకుండా వేస్తే 52 నానోమీటర్లు. గౌసియన్ లెక్కన (వర్గాల తేడా) తీసేస్తే 67. లోరెంజియన్ లెక్కన నేరుగా తీసేస్తే 139. ఒకే శిఖరానికి మూడు జవాబులు! 900లో కాల్చిన పొడికి షెరర్ సంఖ్యని రెండో దశాంశం దాకా రాయడంలో అర్థం లేదు. పైగా అది క్రిస్టలైట్ సైజు, ఎస్ఈఎంలో కనిపించే గింజ సైజు కాదు. స్టాండర్డ్ స్కాన్ ఫైలు కూడా ఇమ్మని ల్యాబ్‌ని అడగండి, ఇస్తారు. డేటా ఎప్పుడూ బొమ్మగా కాదు, రెండు కాలమ్‌ల టెక్స్ట్ ఫైలుగా తీసుకోండి. రీట్‌వెల్డ్ సాఫ్ట్‌వేర్లు ఫుల్‌ప్రోఫ్, జీసాస్-2 (GSAS-II) రెండూ ఉచితమే, స్ట్రక్చర్ ఫైళ్లు క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లో దొరుకుతాయి.

ఎక్కడ అన్నదానికి: ఐ-స్టెమ్ పోర్టల్‌లో (దేశంలోని పరిశోధన పరికరాల జాబితా) పరికరం పేరు కొట్టి బెంగళూరు అని వడపోయండి. ఐఐఎస్‌సీలో సెన్స్ (నానో సైన్స్ కేంద్రం) వాళ్ల క్యారెక్టరైజేషన్ ఫెసిలిటీ బయటివాళ్ల శాంపిళ్లు తీసుకుంటుంది. చెన్నైలో అయితే ఐఐటీ మద్రాస్ సైఫ్ (బయటివాళ్లకీ తెరిచిన పరికరాల కేంద్రం). రేట్లలో సొంతవాళ్లు, బయటి విద్యాసంస్థలు, ఇండస్ట్రీ అని మూడు వరసలుంటాయి. మీది రెండోది. జీఎస్టీ విడిగా వేస్తారు, బడ్జెట్‌లో అది కలుపుకోండి.

మఫిల్‌ఫర్నేస్:

చాలా థాంక్సండీ. జింక్ ప్లాన్ పక్కన పెడుతున్నా. ఒక సందేహం. జింక్ వేస్తే లాటిస్ పెరామీటర్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి పొడవు) ఎలా పెరుగుతుందో చూపిస్తే కనీసం ఒక బొమ్మ అయినా ఉంటుందనుకున్నా. అది కూడా వద్దంటారా?

తరమణి_న్యూట్రాన్:

చెన్నై నుంచి. ఆ బొమ్మ సంగతే ముందు చెప్తా.

కోబాల్ట్ ఫెర్రైట్ పెరామీటర్ దాదాపు 8.39 ఆంగ్‌స్ట్రామ్‌లు, జింక్ ఫెర్రైట్ 8.44. మొత్తం తేడా 0.05. దాన్ని అయిదు మెట్లు చేస్తే మెట్టుకి 0.01. ఇప్పుడు హోల్డర్‌లో పొడి మట్టం 0.1 మి.మీ. కిందికో పైకో ఉందనుకోండి. గోనియోమీటర్ వ్యాసార్థం 150 మి.మీ. అయితే 35.4 శిఖరం దాదాపు 0.07 డిగ్రీలు జరుగుతుంది. ఆ ఒక్క శిఖరంతో పెరామీటర్ లెక్కేస్తే 0.017 తప్పు. అంటే పొడి నింపినవాళ్ల చెయ్యి వణుకు మీ జింక్ మెట్టుకంటే పెద్దది! శాంపిల్‌లో పదోవంతు బరువు సిలికాన్ పొడి కలిపి, దాని 28.44 శిఖరాన్ని ఆధారంగా పెట్టుకుని సరిచేయకపోతే ఆ బొమ్మలో సరళరేఖ వచ్చినా నమ్మలేం, రాకపోయినా నమ్మలేం. చల్లార్పు ప్రయోగంలో మార్పు ఇంకా చిన్నది, కాబట్టి సిలికాన్ అక్కడా కావాలి.

నీలం_స్పినెల్ గారు ఒకటి వదిలేశారు. ఫెర్రైట్‌ని కాపర్ ఎక్స్‌రే ట్యూబుతో తీస్తే ఇనుము ఫ్లోరెసెన్స్ ఇస్తుంది (తనూ ఎక్స్‌రేలు వెదజల్లుతుంది). కాపర్ కే-ఆల్ఫా 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఇనుము కే-ఎడ్జ్ (లోపలి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టడానికి కావాల్సిన శక్తి) 7.11, కోబాల్ట్‌ది 7.71. రెండింటినీ లేపుతుంది. బ్యాక్‌గ్రౌండ్ ఆకాశానికి వెళ్లి, చిన్న శిఖరాలు అందులో మునిగిపోతాయి. 33.2 దగ్గర హెమటైట్ లేదని రాసిన పేపర్లలో కొన్నిట్లో అది కనపడే అవకాశమే లేదు. స్లాట్ బుక్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "కోబాల్ట్ ట్యూబ్ ఉందా? లేకపోతే డిఫ్రాక్టెడ్ బీమ్ మోనోక్రోమేటర్ గానీ, డిటెక్టర్‌లో ఎనర్జీ విండో కుదించే వీలు గానీ ఉందా?" మూడూ లేకపోతే వేరే ల్యాబ్ చూసుకోండి. కోబాల్ట్ ట్యూబ్ దొరికితే శిఖరాల కోణాలన్నీ మారతాయి, పైన చెప్పిన 35.4, 33.2 సంఖ్యలు కాపర్‌వి.

దానికంటే పెద్ద సంగతి సైట్లది. ఇనుము పరమాణు సంఖ్య 26, కోబాల్ట్ 27. మామూలు ఎక్స్‌రేకి ఈ రెండూ కవల పిల్లలు. అలాంటిది కాపర్ ఎక్స్‌ఆర్‌డీని రీట్‌వెల్డ్ చేసి "కోబాల్ట్ 22 శాతం టెట్రాహెడ్రల్ సైట్లో ఉంది" అని రాసిన పేపర్లు కుప్పలు. సాఫ్ట్‌వేర్ ఏ సంఖ్యయినా ఇస్తుంది, దాని పక్కన ఉండే ఎర్రర్ చూడాలి. న్యూట్రాన్‌కైతే ఇనుము స్కాటరింగ్ లెంగ్త్ (న్యూట్రాన్‌ని చెదరగొట్టే బలం) 9.45 ఫెర్మీలు, కోబాల్ట్‌ది 2.49. తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. లేదా ఇనుము-57 మోస్‌బవర్. అయితే కోబాల్ట్ ఫెర్రైట్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర రెండు సైట్ల సెక్స్‌టెట్లూ (ఆరేసి గీతల గుంపులు) ఒకదాని మీద ఒకటి పడతాయి, తక్కువ ఉష్ణోగ్రతలో బయటి అయస్కాంత క్షేత్రం పెట్టి తీస్తేనే విడివడతాయి.

ఇవి బెంగళూరులో డబ్బు కట్టి కొనుక్కునేవి కావు. యూజీసీ-డీఏఈ సీఎస్ఆర్‌కి ప్రతిపాదన రాయాలి. ఇండోర్, ముంబై, కోల్‌కతాల్లో కేంద్రాలు, మన దగ్గర కల్పక్కంలో నోడ్ ఉన్నాయి. కాలేజీ టీచర్ల కోసం కూడా పుట్టిన సంస్థే అది. ముంబై కేంద్రం ద్వారా ధ్రువ రియాక్టర్ న్యూట్రాన్లు, ఇండోర్‌లో మోస్‌బవర్. న్యూట్రాన్‌కి పొడి గ్రాముల్లో కావాలి, కాబట్టి ఆఖర్న చూసుకుందాంలే అనుకోకుండా బ్యాచ్ సైజు ఇప్పుడే పెంచండి. ప్రతిపాదన రెండు పేజీలు దాటక్కర్లేదు. మొదటి పేరాలో "ఈ కొలత లేకుండా ఏ ప్రశ్నకి జవాబు రాదు" అన్నది ఉండాలి, మీ పొట్టి ఎక్స్‌ఆర్‌డీ జత చేయాలి. ఫేజ్ శుభ్రంగా ఉందని చూపించని ప్రతిపాదనకి బీమ్ టైమ్ (న్యూట్రాన్లు వాడుకునే సమయం) రాదు.

ఎస్ఈఎం, వీఎస్ఎం గురించి త్వరగా:

ఫామ్‌లో "అయస్కాంత పదార్థం" అని తప్పక రాయండి. కొన్ని ఎఫ్ఈ-ఎస్ఈఎంలలో లెన్స్ క్షేత్రం శాంపిల్ దాకా వస్తుంది. వదులుగా ఉన్న ఫెర్రైట్ పొడి ఎగిరి పోల్‌పీస్‌కి (లెన్స్ కొస) అంటుకుంటే ఆ మిషన్ రోజుల తరబడి మూలన పడుతుంది. దాచిపెట్టి పంపినవాళ్ల శాంపిళ్లు ఆ ల్యాబ్ మళ్లీ ముట్టుకోదు. పొడి బదులు పెల్లెట్ ముక్క విరిచి, విరిగిన వైపు పైకి వచ్చేలా అతికించి ఇవ్వండి. గింజలు ఇంకా బాగా కనపడతాయి కూడా.

ఈడీఎక్స్‌తో (ఎస్ఈఎంలో మూలకాలు చూపించే భాగం) కోబాల్ట్-ఇనుము నిష్పత్తి తేల్చొద్దు. ఇనుము కే-బీటా 7.06, కోబాల్ట్ కే-ఆల్ఫా 6.93. ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఐసీపీ-ఓఈఎస్‌కి (ద్రావణంలో లోహాల మోతాదు కొలిచేది) పంపండి. 50 మి.గ్రా. పొడిని 5 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో హుడ్ కింద వేడి చేసి పూర్తిగా కరిగాక 100 మి.లీ. చేస్తే కోబాల్ట్ 125, ఇనుము 238 పీపీఎమ్ దరిదాపుల్లో ఉంటాయి. అక్కణ్నుంచి పదిరెట్లు పలచన చేసి ఇవ్వండి. అడుగున చిటికెడు నలక మిగిలినా ఆ ఫలితం చెల్లదు.

వీఎస్ఎంలో పొడి కదలకూడదు. క్షేత్రం తిరిగినప్పుడల్లా గింజలు కూడా తిరిగితే లూప్ సన్నబడి కోయర్సివిటీ (అయస్కాంతత్వాన్ని సున్నాకి తేవడానికి కావాల్సిన ఎదురు క్షేత్రం) తక్కువ కనపడుతుంది. టెఫ్లాన్ టేపుతో బిగించండి, లేదా కరిగించిన మైనంలో గట్టిపరచండి. 20 మి.గ్రా. శాంపిల్‌కి ఒక మి.గ్రా. తూకం తప్పితే మాగ్నెటైజేషన్‌లో అయిదు శాతం తప్పు, మీరు వెతుకుతున్న మార్పే అంత ఉండొచ్చు. 1.5 టెస్లా దాకా వెళ్లే మిషన్‌లో కోబాల్ట్ ఫెర్రైట్ పూర్తిగా శాచురేట్ కాదు. చివరి పాయింట్‌ని శాచురేషన్ అని రాయకండి.

పెట్రిడిష్_అక్క:

యాంటీబాక్టీరియల్ టెస్టు మాట చూసి వచ్చాను. వద్దు తమ్ముడూ.

నిజంగా చేయాలంటే మాత్రం డిస్క్ డిఫ్యూజన్ (మందు అద్దిన బిళ్లని బాక్టీరియా ప్లేట్ మీద పెట్టడం) చేయకండి. ఆ పద్ధతి మందు అగార్‌లోకి ఇంకి చుట్టూ పాకుతుందన్న నమ్మకం మీద నడుస్తుంది. మీ ఫెర్రైట్ నీళ్లలో కరగదు, గింజలు డిస్క్ కిందే కూర్చుంటాయి. చుట్టూ వలయం వచ్చిందంటే అది మిగిలిపోయిన కోబాల్ట్ అయాన్లది అయ్యే అవకాశం ఎక్కువ. బ్రాత్ డైల్యూషన్ (బాక్టీరియా ఉన్న ద్రవంలోనే పొడి కలిపి చూడటం) చేయాలి. 0.5 మెక్‌ఫార్లాండ్ (బాక్టీరియా ద్రవం మబ్బుదనానికి కొలమానం) అంటే మి.లీ.కి సుమారు 15 కోట్ల బాక్టీరియా. దాన్ని 300 రెట్లు పలచన చేస్తే బావిలో (ప్లేట్‌లోని చిన్న గుంట) మి.లీ.కి 5 లక్షలు ఉంటాయి, కావాల్సింది అంతే. ఫలితాన్ని 600 నానోమీటర్ల టర్బిడిటీతో చదవకూడదు, ఎందుకంటే నల్లటి పొడే వెలుతుర్ని ఆపేస్తుంది. ప్లేట్ మీద పరిచి కాలనీలు లెక్కపెట్టాలి. కంట్రోళ్లు మూడు ఉండాలి: పొడి లేని బాక్టీరియా, బాక్టీరియా లేని పొడి, ఆ పొడిని నానబెట్టి వడకట్టిన నీళ్లు. మూడోది చాలామంది పెట్టరు. గుట్టంతా అక్కడే బయటపడుతుంది.

ఒకే ప్లేట్‌లో ఒకే కల్చర్ నుంచి మూడు బావులు నింపి "ఎన్ = 3" అని రాయకండి. అది ఎన్ = 1. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కల్చర్లతో మూడుసార్లు చేస్తేనే మూడు. నీలం_స్పినెల్ గారు మూడు బ్యాచ్‌లు చేయమన్నది కూడా ఈ లెక్కే.

స్టాఫిలోకోకస్ లాంటివాటికి బీఎస్ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) గది, బయోసేఫ్టీ కమిటీ అనుమతి ఉండాలి. ఫిజిక్స్ ల్యాబులో, ఫర్నేస్ పక్కన పెట్టే పని కాదిది.

లెమ్మా_రెండు:

మ్యాథ్స్ మేడమ్ గారి కోసం. ఆవిడకి ఫర్నేస్ అక్కర్లేదు, లైబ్రరీ కావాలి. అది ఇప్పుడు ముందున్నంత కష్టం కాదు.

2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నల్స్ అందించే కేంద్ర పథకం) మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే. మీ ప్రైవేట్ కాలేజీకి అందదు. అయినా నంబర్ థియరీలో వచ్చేవాటిలో చాలా భాగం ఆర్కైవ్‌లో (arXiv, పేపర్లు ఉచితంగా పెట్టే సైట్) ఉంటాయి. ఏది ఎవరు చేశారో వెతకడానికి జెడ్‌బీమ్యాథ్ ఓపెన్ 2021 నుంచి అందరికీ ఉచితం. వెతికేటప్పుడు మాటలతో కాకుండా ఎంఎస్‌సీ 2020 కోడ్‌తో (గణిత విషయాల వర్గీకరణ సంఖ్య) వెతకమనండి, నంబర్ థియరీ 11తో మొదలవుతుంది. మాటలు కాలానికి మారతాయి, కోడ్ దారి తప్పించదు. ఒక పాత పేపర్ దొరికాక అది ఎవర్ని ఉదహరించింది అన్నది అందరూ చూస్తారు. దాన్ని తర్వాత ఎవరు ఉదహరించారు అన్నది చూడటం ఎక్కువ అవసరం, మీ ఫలితం ఇప్పటికే అయిపోయిందో లేదో అక్కడే తేలుతుంది.

పాత సంపుటాలకి గణిత పరిశోధన సంస్థల లైబ్రరీలు: యలహంకలోనే టీఐఎఫ్ఆర్ కామ్ ఉంది (అక్కడ అనువర్తిత గణితం ఎక్కువ), మైసూరు రోడ్డు మీద ఐఎస్ఐ. చెన్నై వెళ్లినప్పుడు తరమణిలో మ్యాట్‌సైన్స్, సిరుసేరిలో సీఎంఐ. ప్రిన్సిపాల్ ఉత్తరం, ఐడీ కార్డు పట్టుకుని, ముందు లైబ్రేరియన్‌కి మెయిల్ రాసి వెళ్లాలి. ఏ సంపుటం, ఏ పేజీ కావాలో మెయిల్లోనే రాస్తే పని తొందరగా అవుతుంది. హెసరఘట్ట దగ్గర శివకోటేలో ఐసీటీఎస్ (సిద్ధాంత శాస్త్రాల కేంద్రం) వాళ్ల కార్యక్రమాల జాబితా చూస్తుండమనండి. బెంగళూరులో ఉండి వాటిని వదులుకోవడం పాపం.

లెక్కలకి పారీ/జీపీ, సేజ్ రెండూ ఉచితం. కానీ కంప్యూటర్ "కోటి దాకా నిజం" అంటే పొంగిపోకూడదు. గణితజ్ఞుడు పోల్యా 1919లో అడిగిన ప్రశ్న ఒకటుంది. ఒక సంఖ్య దాకా చూస్తే, బేసి సంఖ్యలో ప్రధాన కారణాంకాలున్నవే (మళ్లీ మళ్లీ వచ్చేవాటిని కూడా లెక్కపెడుతూ) సగానికి తగ్గకుండా ఉంటాయా అని. చూసినంత దూరం నిజమే అనిపిస్తుంది. అది తప్పే మొదటి చోటు 90,61,50,257. పది కోట్ల దాకా నడిపి ఆపేసినవాడికి ఎప్పటికీ దొరకదు.

ఆర్కైవ్‌లో మొదటిసారి పెట్టేవాళ్లకి ఆ విభాగంలో ఇప్పటికే రాస్తున్న ఒకరి ఎండార్స్‌మెంట్ (సిఫారసు) కావాలని ఆ సైట్ అడగొచ్చు. ముక్కూముఖం తెలియనివాళ్లకి పీడీఎఫ్ పంపి ఎండార్స్ చేయమంటే జవాబు రాదు. ఆ పేపర్లో ఎవరి పని వాడుకున్నారో వాళ్లకి, ఏ సిద్ధాంతం ఎక్కడ వాడుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పి అడగాలి. పీడీఎఫ్ కాదు, టెక్ సోర్స్ (TeX ఫైలు) ఎక్కించాలి, దానితో ఉదహరింపుల జాబితా ఉన్న బీబీఎల్ ఫైలు కూడా. లేకపోతే ఉదహరింపులన్నీ ప్రశ్నార్థకాలుగా రావొచ్చు. రోజువారీ గడువు అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 2, అంటే మనకి వేసవిలో రాత్రి 11:30, చలికాలంలో 12:30.

జర్నల్ ఎంచుకునేటప్పుడు పేరు కాదు, సంపాదకవర్గంలో మీ విషయం తెలిసినవాళ్లు ఉన్నారా అని చూడాలి. సదాశివనగర్‌లో ఉన్న ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ (రామన్ 1934లో పెట్టింది) మ్యాథ్స్‌కి ప్రొసీడింగ్స్ నడుపుతుంది. ఫర్నేస్ గారూ, మీకు వాళ్లదే బులెటిన్ ఆఫ్ మెటీరియల్స్ సైన్స్ ఉంది. ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపడం నేరం కిందే లెక్క. మ్యాథ్స్‌లో రిఫరీ రిపోర్టుకి ఆర్నెల్లు, ఏడాది మామూలే. ఆర్నెల్లు దాటాక రెండు లైన్ల మర్యాద మెయిల్ వేయొచ్చు, అంతకుముందు వద్దు.

మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ విద్యార్థులకే అనుకుంటారు. టీచర్లకీ ఇస్తారు. వేసవి సెలవుల్లో రెండు నెలలు ఒక సంస్థలో కూర్చునే వీలు. మీ ఇద్దరూ వేయండి.

నీలం_స్పినెల్:

పై అందరికీ దండాలు. తరమణి గారు ఫ్లోరెసెన్స్ గుర్తు చేయడం మంచిదైంది, నేను రాయాల్సింది.

జర్నల్స్ మాట వచ్చింది కాబట్టి ఒక్కటి. యూజీసీ-కేర్ జాబితాని (యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ జాబితా) 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇంకా "మాది కేర్ లిస్టెడ్, వారంలో అచ్చు, ఇంత ఫీజు" అని వాట్సాప్‌లో వచ్చేవాటిని తీసి పారేయండి. స్కోపస్‌లో (జర్నల్స్ సూచిక) ఉంది అంటే వాళ్ల వెబ్‌సైట్ మీద లోగో చూసి నమ్మొద్దు. స్కోపస్ సోర్స్ జాబితాలోకి వెళ్లి ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) కొట్టి చూడండి, అక్కడి లింకు తెరిస్తే ఇదే వెబ్‌సైట్‌కి వస్తుందో లేదో కూడా. అసలు జర్నల్ పేరు దొంగిలించి నకిలీ సైట్ నడిపేవాళ్లున్నారు.

మఫిల్‌ఫర్నేస్:

అక్కా, బాక్టీరియా ఆలోచన మానుకున్నా. మేడమ్‌కి ఇదంతా ప్రింట్ తీసి ఇచ్చాను.

చివరి ప్రశ్న. 900 అని నా కంట్రోలర్ చూపిస్తే లోపల నిజంగా 900 ఉందని ఎలా తెలుస్తుంది? కాలిబ్రేషన్‌కి పిలిస్తే సీడ్ మనీలో పెద్ద ముక్క పోయేలా ఉంది.

తరమణి_న్యూట్రాన్:

పిలవక్కర్లేదు. చిన్న అల్యూమినా క్రూసిబుల్‌లో చిటికెడు ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడ్ వేసి, సరిగ్గా పెల్లెట్ కూర్చునే చోటే పెట్టండి. వంటింటి ఉప్పు వద్దు, అందులో గడ్డకట్టకుండా కలిపేవి ఉంటాయి. అది కరిగేది 801 డిగ్రీల దగ్గర. కంట్రోలర్‌ని 790కి పెట్టి అరగంట ఆగి, చల్లారాక తీసి చూడండి. గింజలు గింజలుగానే ఉంటే కొత్త చిటికెడు వేసి 795, 800, 805, ఇలా అయిదేసి డిగ్రీలు పెంచుకుంటూ పోండి. ఒకసారి అంచులు గుండ్రబడి ముద్దగా మెరుస్తూ కనిపిస్తుంది. 820 దగ్గర అలా అయితే మీ కంట్రోలర్ దాదాపు 20 ఎక్కువ చూపిస్తోంది. 790కే కరిగితే తప్పు అటువైపు ఉంది, 770 నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఇంకో పాయింట్ కావాలంటే పొటాషియం క్లోరైడ్ 770. రెండిటి దగ్గరా తేడా ఒకేలా ఉంటే 900 దగ్గరా అంతే అనుకోవచ్చు.

తలుపు దగ్గరికీ వెనక గోడకీ ఉష్ణోగ్రత వేరుగా ఉంటుంది. అందుకని ముందు భాగంలో ఒకటి, వెనక ఒకటి క్రూసిబుల్ పెట్టి ఒకే రన్‌లో చూడండి. ఆ తర్వాత అన్ని బ్యాచ్‌లకీ పెల్లెట్ పెట్టే చోటు మారకుండా, ఫర్నేస్ అడుగున సిరామిక్ ముక్క ఒకటి గుర్తుగా పెట్టుకోండి. ఉప్పు 801 దాటితే ఆవిరవుతూ కాయిల్స్‌ని తింటుంది. అందుకే చిటికెడే వేయాలి, మూత పెట్టాలి, పని అయ్యాక లోపల మర్చిపోకూడదు.